పై గది ఎవరికి?

ప్రియమైన మా చిన్నదానికి,

అక్క చెప్పి రాయించేది. రాస్తున్నది మా సందులో సెలూనాయన. మధ్యాహ్నం ఆయన కుర్చీ ఖాళీ, నా ఇస్త్రీ పెట్టెకీ కాస్త విశ్రాంతి. ఫోన్లో చెప్పొచ్చుగా అంటావు. నా కుడిచెవి సంగతి నీకు తెలుసు, ఎడమది దాని చెల్లెలు. పైగా ఫోన్లో అన్నమాట రేపు అనలేదనొచ్చు. కాగితం మీద మాట కాళ్ళు చాపుకుని కూర్చుంటుంది, ఎవడు లేపినా లేవదు.

కేసు ఇదీ. ఈ ఇల్లు అమ్మితే నాకే అమ్ముతానని అద్దెకిచ్చిన ఇంటాయన నోటితో అన్నాడు. పై గది నీకు, కింద గది నాకు. కొండవాలు ఇల్లు కదా, పై గది తలుపు పై వీధిలోకి తెరుచుకుంటుంది, బండి గుమ్మం దాకా వస్తుంది, నువ్వు మెట్టెక్కే పనే లేదు. కింద తలుపు సందులోకి. నా బల్ల ఎప్పట్నుంచో అక్కడే ఉంది. రెండు గదులకీ మధ్య లోపలి మెట్లున్నాయి. నీ డబ్బూ నా డబ్బూ కలిపితే ఇల్లు మనదవుతుంది. ముసలితనంలో ఒకరి కళ్ళెదుట ఒకరం ఉంటాం. నీ మంచం ఏ గోడకి వెయ్యాలో కూడా నేను చూసిపెట్టాను. ఇందులో వంక పెట్టడానికేముందే?

కానీ ఎవరో వంక పెడుతున్నారు. ఇంటాయన ఇదివరకు నా బల్ల దగ్గర ఆగి కబుర్లు చెప్పి గానీ కదిలేవాడు కాదు. ఇప్పుడు గొడుగు అడ్డం పెట్టుకుని పోతున్నాడు. ఎండా లేదు, వానా లేదు, ఆ గొడుగు ఎవరి కోసం?

నువ్వు చూసిన కొండ కాదిది. చెప్పులు కుట్టే ఆయన్ని ఖాళీ చేయించి కాఫీ కొట్టు పెట్టారు. దాన్ని నడిపే పిల్ల నన్ను చూసినప్పుడల్లా నవ్వుతుంది. ఊరికే నవ్వే మనిషిని నమ్మకూడదు. తెల్లబూట్ల బ్రోకరొకడు వచ్చి గోడల్ని గేదెల్ని చూసినట్టు చూసిపోతాడు. కొత్తగా దిగినవాళ్ళు నలిగిన గుడ్డలే కట్టుకుంటారు. నలగడమే ఫ్యాషనట. నా పొట్ట మీద కొట్టడానికే కనిపెట్టినట్టుంది! సందు మెట్లకి రంగులేయించి, వాటి మీద నిలబడి ఫోటోలు దిగుతున్నారు. మొన్న వానకి ఆ రంగు మీదే జారి కూలబడ్డాను. మోకాలు గుమ్మడికాయంత అయింది. ఎవరూ చూళ్ళేదు, నేను చెప్పలేదు. తెలిస్తే “ఈ ముసలిదానికి కొండమీద ఇల్లెందుకు” అంటారు. నీకు చెప్తున్నాను. రాస్తున్నాడు గనక సెలూనాయనకీ తెలిసింది. పర్లేదు, ఆయన నోట్లో మాట బావిలో రాయి.

నీ వంతు సిద్ధం చేసుకో.

నీ మీద పెత్తనం ఇంకా వదలని
అక్క

*

ప్రియమైన అక్కకి,

నీ ఉత్తరం అందింది. మోకాలికి వేడినీళ్ళ కాపడం పెట్టు. వాన తగ్గేదాకా ఆ మెట్ల జోలికి పోకు. పడ్డదానివి ఎవరికైనా చెప్పొద్దూ? నీ మొండితనం నీదే.

ఇంటి విషయం ఇంత తొందరేముంది? ఇంటాయన పెద్దాయన, ఆయనకీ లెక్కలుంటాయి, ఇబ్బందులుంటాయి. గొడుగేసుకున్నంత మాత్రాన పగవాడైపోతాడా? నాకూ ఆసుపత్రి రాతపని ఇప్పట్లో వదలడం కుదరదు. ఈమధ్య ఒక్కపూట సెలవు కూడా దొరకడం లేదు. లేకపోతే నేనే వచ్చి మాట్లాడేదాన్ని.

ఎవరినీ తొందరపడి ఏమీ అనకు. నీ నోరు నాకు తెలుసు.

నీ
చిన్నది

*

ప్రియమైన చిన్నదానికి,

చేతిరాత మారిందని హడలిపోకు. ఇది కాఫీ కొట్టు పిల్ల రాస్తోంది. అవును, ఆ నవ్వే పిల్లే. దొంగని పెరట్లో వదిలేకన్నా వంటింట్లో కూర్చోబెట్టుకోవడం మేలు, ఏం తీస్తుందో కనపడుతుంది. ఈ మాట రాయమంటే దానికీ నవ్వే. రాయవే, రాయి.

ఇంటాయన పదిరోజుల కింద వచ్చాడు. గొడుగు లాక్కుని నేనే కూర్చోబెట్టాననుకో. “మాటిచ్చి మొహం చాటేస్తావేం” అన్నాను.

“ఇంకొన్నాళ్ళు ఆగమ్మా” అన్నాడు. “ఈ వయసులో ఈ మెట్ల మీద పడుతూ లేస్తూ... నీకీ బరువెందుకు?”

పడుతూ లేస్తూ! అక్కడ పట్టుకున్నాను.

“నేను పడ్డానని నీకెవరు చెప్పారయ్యా?”

ఆయన కళ్ళజోడు తీసి తుడిచాడు. తుడిచిందే తుడిచాడు. “ఎవరో అన్నార్లే” అని లేచిపోయాడు. గొడుగు కూడా మర్చిపోయాడు. అది నా దగ్గరే ఉంది, ఇవ్వను.

ఇప్పుడు నువ్వే తీర్పు చెప్పు. పడ్డది తెలిసినవాళ్ళెవరు? నేను. నన్ను తీసెయ్యి. నువ్వు. నిన్నూ తీసెయ్యి. ఇక మిగిలిందెవరు?

తిన్నగా సెలూన్‌కి పోయాను. ఎవరికో మొహమంతా నురగ పెట్టి కత్తి ఎత్తబోతున్నాడు. “ఏమిచ్చారయ్యా నీకు? నన్నెంతకి అమ్మావు?” అన్నాను.

“నేనెవరికీ చెప్పలేదమ్మా, నా పిల్లల మీద ఒట్టు.”

“కత్తి పట్టుకు బతికేవాడికి గొంతు కొయ్యడం ఎంతసేపు!” అన్నాను. కుర్చీలో ఉన్నాయన చటుక్కున లేచి, మొహం కూడా కడుక్కోకుండా మెట్లు దిగి పారిపోయాడు. మంచిదైంది. అప్పట్నుంచి ఆ కుర్చీలో ఎవరూ కూర్చోవడం లేదు. కూర్చోవాలనుకున్నవాడు నా బల్ల దాటే కదా పోవాలి? ఒక్కొక్కరికీ నిలబెట్టి చెప్తున్నాను.

బ్రోకరూ సెలూనాయనా కలిసే ఇది చేశారు. నువ్వు త్వరగా రా. మనిద్దరం ఒకేసారి వెళ్ళి కూర్చుంటే ఇంటాయన ఎలా కాదంటాడో చూద్దాం.

ఎవరికీ లొంగని
మీ అక్క

(అండీ, ఇది నా సొంతంగా కలుపుతున్నాను, అమ్మగారికి చదివి వినిపించలేదు. సెలూనాయన వారం పది రోజుల్నుంచి ఖాళీ కుర్చీ తుడుచుకుంటూ కూర్చుంటున్నారు. కొట్టు ఎత్తేసి పోదామనుకుంటున్నామని వాళ్ళావిడ నా దగ్గర ఏడ్చారు. ఆయన చెప్పి ఉంటారని నాకు అనిపించడం లేదు. అమ్మగారు నా మాట వినరు. మీ మాటైతే వింటారేమో.)

*

ప్రియమైన అక్కకి,

ఇది కాఫీ అమ్మాయి చేతే చదివించుకో. అమ్మాయ్, మధ్యలో ఆపమని అరుస్తుంది, నువ్వు ఆపకు.

అక్కా, సెలూనాయన కాదు. నేను.

సెలవు దొరకడం లేదని రాశానే, అది అబద్ధం. ఆ ఉత్తరం రాయడానికి ముందే వచ్చి ఇంటాయన్ని కలిశాను. ఆయన ఇల్లు కొండ కిందేగా. “మా అక్కకి ఇప్పుడే అమ్మకండి, ఏదో వంక చెప్పి ఆపండి” అని బతిమాలాను. బ్రోకరు పోరు పడలేక ఆయన అప్పటికే నీకు మొహం చాటేస్తున్నాడట. ఏం వంక చెప్పనమ్మా అన్నాడు. నీ మోకాలి సంగతి చెప్పాను. బయటికొచ్చి తలెత్తితే పైన సందులో నువ్వు కనపడ్డావు. నాకు వీపు పెట్టి ఎవరిదో దుప్పటి ఇస్త్రీ చేస్తున్నావు. నీ చెయ్యి పోవడం, రావడం చూస్తూ నిలబడ్డాను. పైకి రాకుండానే బస్సెక్కేశాను.

ఎందుకంటావా? నీతో ఒకే ఇంట్లో ఉండలేను కాబట్టి.

అమ్మ పోయాక నన్ను పెంచింది నువ్వే. బడికి పంపింది నువ్వే. నా జడ ఎంత బిగించి వెయ్యాలో, ఎవరితో మాట్లాడాలో, అంతా నువ్వే చెప్పావు. తర్వాత అత్తగారు చెప్పింది. తర్వాత ఆయన చెప్పాడు. ఆయన పోయాక ఈ గది తీసుకున్నాను. చిన్న గది, కిటికీ తెరిస్తే ఎదుటివాళ్ళ గోడే. కానీ పనినుంచి వచ్చి తలుపు నేనే తీసుకుంటాను, నేనే వేసుకుంటాను. ఒక్కోరోజు వండుకోను. ఎందుకు వండలేదని అడిగేవాళ్ళు లేరు. ఈ వయసులో నాకిది దొరికిందక్కా. నువ్వు నా మంచం ఏ గోడకో చూసిపెట్టానని రాసినప్పుడు లేచి వెళ్ళి తలుపు గడియ వేసుకున్నాను.

నీకు మొహం మీద కాదని చెప్పిన మనిషిని నేనింతవరకూ చూళ్ళేదు. అందుకే ఇంటాయన చేత చెప్పించాను. నా పిరికితనానికి ఒక మంచివాడి కుర్చీ ఖాళీ అయింది. ముందు ఆయన దగ్గరికి వెళ్ళు. తర్వాత నన్నేమన్నా పడతాను.

నీ
చిన్నది

*

చిన్నదానికి,

ప్రియమైన అని పెట్టమంటావా అని సెలూనాయన అడిగాడు. ఇప్పుడే కాదు, చివర్న చూద్దాం అన్నాను. అవును, మళ్ళీ ఆయనే రాస్తున్నాడు.

నీ ఉత్తరం కాఫీ పిల్ల చదువుతుంటే ఆపమని అరిచాను. ఆపలేదు. అది నవ్వినంత మెత్తనిది కాదు. చదవడమయ్యాక దుప్పటి కాలిన వాసనొచ్చింది. ఇన్నేళ్ళలో నేనొక గుడ్డ కాల్చడం ఇదే మొదలు, దాని ఖర్చు నీదే.

రద్దీగా ఉండే వేళ చూసి సెలూన్‌కి పోయాను. రద్దీ ఎక్కడిది, నేను ఉంచితేగా! అందుకని సందులోంచి నలుగురిని నేనే వెంటేసుకెళ్ళాను. వాళ్ళ ముందే “నీ మీద వేసిన నింద అబద్ధం, చెప్పింది నా తోడబుట్టింది” అన్నాను. ఆయన భుజం మీద తువ్వాలు తీశాడు. తర్వాత కుర్చీ దులిపి “కూర్చోమ్మా” అన్నాడు. “నాకు గడ్డం లేదుగా నాయనా” అంటే అప్పుడు నవ్వాడు. వాళ్ళావిడ మాత్రం ఇంకా నవ్వలేదు. నవ్వకపోవడం న్యాయమే. వెంటేసుకెళ్ళిన నలుగురికీ ఆ పూటే గడ్డాలు గీయించాను. ఒకాయన పొద్దున్నే గీసుకున్నాను మొర్రో అన్నా వదల్లేదు.

ఇక ఇల్లు. ఇంటాయన్ని పిలిచి గొడుగిచ్చేశాను. కింద గది ఒక్కటీ నాకమ్మమన్నాను. నా దగ్గరున్నది దానికి సరిపోతుంది, ఆయనా సరేనన్నాడు. పై గది నీ కోసం అట్టేపెట్టమని అడగలేదు. కాఫీ పిల్ల అద్దె కొంపలో ఉంటోంది, అది కొనుక్కుంటుంది. కొన్నాక ఏ వేషాలేస్తుందో నేను కనిపెట్టి చూస్తూనే ఉంటాలే. బ్రోకరు వచ్చి “రెండు గదులూ విడివిడిగానా!” అని నోరెళ్ళబెట్టాడు. వాడి బూట్లు తెల్లగా ఉన్నంతకాలం వాణ్ణి నమ్మను.

నీ సంగతి చెప్తాను, విను. నాతో ఉండలేనన్నావు, అది తప్పు కాదు. చెవిటిదాన్నని నాకు తెలుసు, ఇంత చెవిటిదాన్నని తెలీదు. కానీ కొండ కింద దాకా వచ్చి, నా వీపు చూసి వెళ్ళిపోయావు చూడు, దానికి నిన్నేం చెయ్యాలో నాకింకా తోచలేదు. ఒక్క కేక వేస్తే తిరిగి చూసేదాన్ని కదే. “అక్కా, నేను రాను” అని కిందనుంచే అరిచినా సరిపోయేది. తిట్టేదాన్ని. తిట్టి, కాస్త టీ తాగి పొమ్మనేదాన్ని.

వానలు వెనకబట్టాక ఒకసారి మీ ఊరు వస్తాను. నీ కిటికీకెదురుగా ఉందన్న గోడ ఏపాటిదో చూడాలి. వచ్చి తలుపు కొడతాను. కొట్టి బయటే నిలబడతాను. నీకు తియ్యాలనిపించినప్పుడే తియ్యి.

ఇప్పుడు పైన ప్రియమైన అని పెట్టమన్నాను. పెట్టాడో లేదో చూసి చెప్పు, నాకు చదవడం రాదుగా.

మీ అక్క