కేరియరు లేని సైకిలు

1999 మార్చి 2

నాన్న మళ్ళీ అదే పాట. వీడికి గల్లా దగ్గర కూర్చుంటే కునుకొస్తుంది, బిస్సమ్ కటక్‌లో అన్నయ్య కొట్లో పడేస్తే తిన్నగా అవుతాడు, అని. అన్నయ్య అంటే మా పెదనాన్న. ఆయన కొట్లో ఫ్యాను లేదు. ఆదివారమూ లేదు. 

మార్చి 4

బ్యాంకు గుమాస్తాగారింట్లో టీవీ చూశాను. ఎవరో తెల్లవాళ్ళు సైకిళ్ళ మీద కొండ మీంచి పడిపోతున్నారు — పడిపోవడం కాదట, అదే పోటీ. రాళ్ళ మీంచి, చెట్ల వేళ్ళ మీంచి. ముందు చక్రానికి స్ప్రింగులు. మన కొరాపుట్ కొండలకేం తక్కువ? నేనూ అలా దిగాలి. ఒక్కసారైనా.

మార్చి 6

ఫ్రేము దొరికింది. గుమాస్తాగారబ్బాయిది, లావు టైర్ల సైకిలు. కల్వర్టుకి కొట్టి ముందు ఫోర్కు వంచేశాడు. జీడిపప్పు పొట్లానికి ఇచ్చేశాడు. జీడిపప్పు మా కొట్టుదే. నాన్నకింకా తెలీదు.

మార్చి 8

జగా భాయ్ వెల్డింగు షెడ్డు. మూల తుప్పు పట్టిన మోపెడ్ ఒకటి. దాని ముందు భాగమంతా — స్ప్రింగులు, చక్రం, బ్రేకుతో సహా — నా ఫ్రేముకి అతకమన్నాను. ఆయన నన్ను చూశాడు, ఫ్రేముని చూశాడు, ఇంట్లో తెలుసా బాబూ అని ఒరియాలో అడిగాడు. డబ్బులు తరవాత ఇస్తానన్నాను. తరవాతంటే ఎప్పుడన్నాడు. పని అక్కడ ఆగింది.

మార్చి 10

అబద్ధం ఆడేశాను. పెద్దదే.

భోజనాల దగ్గర నాన్న కావిళ్ళవాళ్ళ మీద విసుక్కుంటున్నాడు. దసమంతపూర్ అవతల, కొండ మీద, మాకు సరుకు పోగుచేసి ఇచ్చే బుదురా వాళ్ళ ఊరు. చింతపండంతా అక్కడే కొంటాం. జీపు పైకి వెళ్ళదు. బస్తాలు రోడ్డుకి దింపించేసరికి లాభం కాస్తా కావిళ్ళ కింద పోతోందని గోల. నా నోరు ఊరుకోదు కదా... కొండ దిగే సైకిలు ఒకటి కట్టిస్తున్నాను, బస్తా వేసుకుని చిటికెలో దిగిపోతుంది అనేశాను.

నాన్న ముద్ద ఆపాడు. "బస్తా దింపుతాదా?"

"దింపుతాది."

"దింపితే నువ్విక్కడే ఉండు. దింపలేదా, బిస్సమ్ కటక్ బస్సెక్కు."

వెల్డింగు ఖర్చు కొట్టు మీద రాయించుకోమన్నాడు. సైకిలు వచ్చింది, పీక ఇరుక్కుంది.

మార్చి 14

అతికింది. ముందు చిన్న చక్రం, వెనక పెద్ద చక్రం. దూరం నుంచి చూస్తే ఎవరికో వంగి దండం పెడుతున్నట్టుంది. ఎత్తబోతే నడుం పట్టేసింది. అయినా నా కంటికి బంగారం.

మార్చి 15

నాన్న దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు.

"కేరియరేదిరా?"

ఇలాంటివాటికి ఉండదన్నాను.

"కేరియరు లేంది సైకిలేటి? బస్తా నీ నెత్తి మీదెట్టుకుంటావేటి?"

కేరియరు పెట్టించాను. నిజంగా ఏడుపొచ్చింది.

మార్చి 16

అమ్మకి చెయిన్ కవరు కావాలట — నా ప్యాంట్లు ఉతికేది ఆవిడే మరి. మామ్మకి బెల్లు. అవీ పెట్టించాను. టీవీలో సైకిళ్ళకి ఇవేవీ లేవు. ఆ తెల్లవాళ్ళకి ఇంట్లో పెద్దవాళ్ళు లేరు కాబోలు.

మార్చి 18, ఉగాది

అమ్మ సైకిలుకి పసుపు రాసి, బొట్లు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. తొక్కించమంది. ముందు చక్రం కింద కాయ నలిగింది. వెనక కాయ జారి కాలవలోకి పోయింది. అందరం చూశాం. అందరం పచ్చడి తిన్నాం.

మార్చి 22

ఊరి బయట గుట్ట. సైకిలు నెట్టుకుంటూ ఎక్కేసరికి ప్రాణం పోయింది. దిగడం...

ఎలా రాయాలి? స్ప్రింగులు కిర్రుమంటున్నాయి, బెల్లు దానంతట అదే మోగుతోంది, కళ్ళ నిండా నీళ్ళు, నోటి నిండా దుమ్ము. కిందకొచ్చి దారి మధ్యలో కూర్చుని ఒక్కణ్ణే నవ్వుకున్నాను. మేకలు ఆగి చూశాయి. ఇంత సంతోషం నాకెప్పుడూ లేదు. పెదనాన్న కొట్లో కూర్చోవడం నా వల్ల కాదు. బస్తా దిగాలి దేవుడా.

మార్చి 25

ఎడమ చేత్తో రాస్తున్నా. బస్తా దిగింది. నేను దిగలేదు.

మార్చి 27

కుడి చెయ్యి కాస్త నయం. రాసి పెట్టుకోవాలి.

కొండ పైన బుదురా కేరియరుకి బస్తా కట్టాడు, నా నెత్తికి జగా భాయ్ స్కూటరు హెల్మెట్టు. కింద రోడ్డు మీద జీపు, పక్కన నాన్న, చేతులు కట్టుకుని. మొదటి మలుపు బాగానే తిరిగాను. రెండో మలుపులో నేను ఇటు తిరిగాను, బస్తా తిన్నగా పోదామంది. కేరియరు విరిగింది. నేనూ సైకిలూ తుప్పల్లో. బస్తా మాత్రం దొర్లుకుంటూ వెళ్ళి నాన్న కాళ్ళ ముందు ఆగింది. కుట్టు కూడా ఊడలేదు. నాన్న బస్తా వంక చూడకుండా నా కోసం పరిగెత్తుకొచ్చాడని బుదురా అంటాడు. నేను చూసేసరికి మాత్రం బస్తా తడుముతున్నాడు.

సైకిలుని జీపు వెనక పడేశాడు నాన్న. తరవాత —

"బస్తా దానంతటదే దిగిపోయింది. మద్దెన నువ్వెందుకు, సైకిలెందుకు?"

 

మార్చి 29

పెదనాన్నకి కార్డు వెళ్ళిపోయింది. వచ్చే సోమవారం పొద్దుటి బస్సు.

మార్చి 31

నాన్న కొత్త పద్ధతి పెట్టాడు. కావిళ్ళు వద్దు, బస్తాలు దొర్లించెయ్యమని బుదురాకి చెప్పాడు. మొదటి బస్తా రోడ్డుకి కాక వాగులోకి పోయింది. రెండోది దాని వెనకే. కింద ఊరివాళ్ళు వాగు నీళ్ళు పుల్లగా ఉన్నాయంటున్నారట. ఇంట్లో ఎవరూ నవ్వకూడదు. మామ్మ నవ్వేసింది.

ఏప్రిల్ 2

విరిగిన కేరియరు ముక్కలు కోయించేశాను. చెయిన్ కవరు, బెల్లు కూడా పీకేశాను. వెళ్ళిపోయేవాణ్ణి, ఇంక నన్నెవరడుగుతారు? ఇప్పుడుంది అచ్చం టీవీలో సైకిలులా. తీరా ఇప్పుడు.

ఏప్రిల్ 3

మధ్యాహ్నం గోడౌను నుంచి వచ్చేసరికి సైకిలు నేను పెట్టినచోట లేదు. పెరటి గోడకి ఆనించి ఉంది, చక్రాల చువ్వల్లో గడ్డి ఇరుక్కుని. నాన్న మంచం మీద, మోకాలికి పసుపు పట్టు. నూతి దగ్గర జారిపడ్డాడట. అమ్మ ఆయన పంచె తెచ్చి నా ముందు దులిపింది. అంచునిండా నల్లగా చెయిన్ గ్రీజు. నూతి దగ్గర గ్రీజెక్కడిది? 

ఏప్రిల్ 4, ఆదివారం

భోజనాల దగ్గర నాన్న తలెత్తలేదు. చారు పోసుకుంటూ, మెల్లిగా —

"ఎనక బ్రేకు వదులుగా ఉందిరా. మలుపులో ఆగట్లేదు."

వెళ్ళి చూశాను. వదులే. పడ్డాక నేను దాన్నెక్కలేదు, నాకే తెలీదు. తొక్కుకుంటూ మలుపు తిరిగినవాడికి తప్ప ఇంకెవరికీ తెలిసే సంగతి కాదు.

పానా పట్టుకుని బిగిస్తున్నాను. పక్కనే నా పెట్టె, సర్దేసి తాళం వేసి ఉంది. బస్సు రేపు ఆరింటికి. పొద్దున్నే నన్ను లేపమని అమ్మతో ఇంతవరకూ ఎవరూ అనలేదు.