మామయ్య పీకని చీల

అమ్మడూ,

నాన్న గుండె నిండా దీవెనలతో రాసేది. నీకు కంప్యూటర్ గుండెకాయలోనే పని ఇచ్చారటగా! కెర్నల్ అన్నావు. నా కాళ్లు నేల మీద ఆనడం లేదు. మీ మామయ్యకి నాలుగుసార్లు చెప్పాను, ఐదోసారి మొదలుపెడితే మా వడ్రంగి షెడ్డులో రంపం మోత పెంచాడు. ఫోన్లో నీ మాట సగమే బుర్రకెక్కుతుంది. పనిలో ఏదో చిక్కొచ్చిందన్నావు, అదేమిటో రాయి.
నీ నాన్న

తా.క.: గుండెకాయ కదా, చేతులు కడుక్కుని ముట్టుకో.

నాన్నా,

కెమెరాని ఆడించే ముక్కని డ్రైవర్ అంటారు. అదీ, బొమ్మ చూపించే ప్రోగ్రామూ ఒకే మెమరీని పంచుకుంటాయి. పనయ్యాక దాన్ని వదిలెయ్యాలి. నా డ్రైవర్ వదలడం లేదు. మూడు రోజులకి మెమరీ నిండిపోయి మిషన్ కొయ్యబారిపోతోంది. నెలాఖరులోగా సరిచెయ్యకపోతే నన్ను పర్మనెంట్ చెయ్యరు.
నీ కూతురు

బంగారు తల్లీ,

ఇంతేనా! షెడ్డులో నేనూ మామయ్యా పంచుకునే మడతబల్ల లాంటిదేగా. నువ్వు చెప్పినట్టే నా పనవగానే బల్ల మడిచేశాను. దాని మీద మామయ్య జిగురు పెట్టి ఆరబెట్టిన కిటికీ చట్రం ఉంది. అంటే, ఉండేది. "కూతురు ఉత్తరం రాస్తే నా కిటికీ కూలుస్తావా బావా?" అని ముఖం తిప్పుకున్నాడు.
నీ నాన్న

తా.క.: వదిలెయ్యడం చాలా తేలిక. నువ్వేం కంగారు పడకు.

నాన్నా!

అవతలివాళ్ల పని కాకముందే వదిలితే ఇంకా ముప్పు, మిషన్ ఉన్నపళంగా కూలుతుంది. దానికో పద్ధతుంది. బల్ల వాడేవాళ్లు దానికి తలా ఒక చీల గుచ్చాలి. వెళ్లేటప్పుడు ఎవరి చీల వాళ్లు పీక్కోవాలి. ఆఖరి చీల పీకినవాళ్లే బల్ల మడవాలి. నా డ్రైవర్లోనూ అదే రాశాను. అయినా ఎక్కడో ఒక చీల మిగిలిపోతోంది. ఇంక పదిహేను రోజులే గడువు.
నీ కూతురు

తా.క.: మామయ్యని బతిమాలుకో.

నా చిట్టితల్లీ,

ఏం బుర్ర తల్లీ నీది! చీలలు గుచ్చాం. కానీ మామయ్య అలక తీరక, పని మధ్యలోనే పెరటి తలుపు గుండా ఇంటికి చక్కాపోయాడు. చీల ఉండిపోయింది. పద్ధతి పద్ధతే కదా, నేను బల్ల ముట్టలేదు. రెండు రోజులు కాపలా కాశాను. చోటంతా బల్లే ఆక్రమించడంతో, అదే షెడ్డులో కుర్చీలల్లే ఆయన నిలబడే అల్లుతున్నాడు. ఇంటికెళ్లి అడిగితే మామయ్య, "అలిగి పోయేవాడు చీల పీక్కుని పోతాడా బావా?" అన్నాడు.
నీ నాన్న

తా.క.: ఇలాంటి మామయ్య నీ మిషన్లో లేడు, అదృష్టవంతురాలివి.

నాన్నా,

ఉన్నాడు! ప్రోగ్రామ్ పని ముగించి వెళ్తే చీల తీస్తున్నాను. మధ్యలో చచ్చిపోతే తీసే దిక్కే లేదు. అది ఏ దారిన పోయినా దాని చీల డ్రైవరే పీకేట్టు రాశాను. ఆరు రోజులుగా మిషన్ ఆగకుండా నడుస్తోంది. నన్ను పర్మనెంట్ చేశారు నాన్నా!
నీ కూతురు

తా.క.: మా పనిలో, దిద్దుబాటు కింద తప్పు పట్టిచ్చినవాళ్ల పేరు రాయడం ఆచారం. మామయ్య పేరు రాశాను.

నా కన్నతల్లీ,

చదువుతుంటే కళ్లజోడు తడిసిపోయింది. కానీ కాపలా కాసిన నన్నొదిలి, పారిపోయినవాడి పేరా అని గంటసేపు ఉడుక్కున్నాను. తర్వాత తోచింది, నీదే న్యాయం. అందరం చెప్పినట్టు నడుచుకునే నాలాంటివాళ్లమే అయితే, ఆ తప్పు ఎప్పటికీ బయటపడేది కాదు. ఉత్తరం తీసుకెళ్లి మామయ్యకి చదివాను. "ఆ ఆఖరి ముక్క మళ్లీ చదువు బావా" అన్నాడు. ఇంకో రెండుసార్లు చదివించుకున్నాడు.
పట్టరాని సంతోషంతో,
నీ నాన్న

తా.క.: ఇంకెక్కడైనా అలిగి వెళ్లిపోవాల్సిన పనుంటే మొహమాటపడకుండా రాయమన్నాడు.