మిక్సర్ మీద ఎర్ర చుక్క

నవంబరు 18, సోమవారం

డాబా మీద కొత్త సోలార్ వేణ్ణీళ్ళ ట్యాంకు పెట్టించాను. పాతది పదకొండేళ్ళు పనిచేసి, సరిగ్గా బుజ్జి పుట్టాకే అడుగున కారడం మొదలుపెట్టింది. పనిలో పనిగా వెనక బాత్రూములో మిక్సర్ కుళాయి కూడా. ఒకటే హ్యాండిల్. పైకెత్తితే నీళ్ళు, ఎడమకు తిప్పితే వేడి, కుడికి తిప్పితే చల్లన. దానికి హ్యాండ్ షవర్, నీళ్ళు ఆపడానికి షవర్‌కి ఒక బటన్.

బుజ్జికి ఇవాళ్టికి ఇరవై రోజులు. స్నానం చేయించడానికి వెనకవీధి పాపక్క వస్తుంది. మా కాడుగోడిలో ఆమె కాళ్ళ మీద పడుకోని పిల్లలు తక్కువ. నన్ను మాత్రం బాత్రూము గుమ్మం దాటనివ్వదు. మొగోళ్ళ చేతులు మొద్దుగా ఉంటాయప్పా, నువ్వు నీళ్ళు చూసుకో చాలు అంది. సరే. నా కూతురికి ప్రస్తుతం నేను చేయగలిగింది నీళ్ళు చూసుకోవడమే.

నవంబరు 20

మా ఆవిడ గీతాంజలి బాత్రూములో వేడినీళ్ళు రావడం లేదు. వంటింట్లోనూ అంతే. నిన్న మబ్బు వల్ల అనుకున్నాను. ఇవాళ మాడు పగిలే ఎండ.

నవంబరు 21, ఉదయం 11

బాలింతకు నడుము మీద వేణ్ణీళ్ళు పడకపోతే ఎట్లప్పా అని పాపక్క గ్యాస్ మీద పెద్ద గిన్నె పెట్టింది. కాగాక తనే మోసుకెళ్ళింది. డెబ్భై ఏళ్ళ మనిషి, మోకాలి నొప్పి. నాకిమ్మంటే ఇవ్వదు. దారంతా ఆమె వెనకే చేతులు చాచుకుని నడిచాను.

ఇట్లే ఉంటే నా చేత కాదు, ఆదివారం దొడ్డబళ్ళాపురం పోతాను, కూతురి దగ్గరికి, అందట గీతాంజలితో. గీతాంజలికి అమ్మ లేదు. పాపక్క వచ్చినప్పటి నుంచే కాస్త నిద్రపోతోంది. ఆమె పోతే ఎలా శశీ అని అడిగింది. భయమేసింది.

నవంబరు 22

ప్లంబర్ చిన్నప్ప వచ్చాడు. ఎయిర్ లాక్ అన్నాడు. పైపు విప్పి గాలి వదిలి, ఇంక పొగలొస్తాయి చూడండి సార్ అని వెళ్ళిపోయాడు.

రాలేదు.

నవంబరు 23, శనివారం

నేను వైట్‌ఫీల్డ్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టర్ని. ఇతరుల తప్పులు పట్టుకుంటే నాకు జీతం. బుజ్జి టబ్ కోసం కొన్న థర్మామీటర్ పట్టుకుని డాబా ఎక్కాను. ట్యాంకు దగ్గర అరవై ఒకటి. వంటింటి కుళాయిలో ముప్పై మూడు. అంటే ట్యాంకు తప్పేమీ లేదు. మధ్యదారిలో ఏదో జరుగుతోంది. ఆఫీసులో కూడా ఇలాగే మెట్లెక్కి దిగుతావా అని గీతాంజలి వెక్కిరించింది.

బిడ్డకు బాగానే వస్తా ఉండాయి కదప్పా అంది పాపక్క. ఒక్క బుజ్జి స్నానానికే నీళ్ళు సరిగ్గా వస్తున్నాయి. ఆ మాట చెవిన పడ్డా పట్టించుకోలేదు. గొప్ప టెస్టర్ని.

అదే రోజు, సాయంత్రం 4

ట్యాంకు నుంచి వేడినీళ్ళు దిగే వాల్వ్ కట్టేసి, వంటింట్లో వేడి కుళాయి తిప్పాను. ఏమీ రాకూడదు. ధారగా చన్నీళ్ళొచ్చాయి. అంటే ఎక్కడో చన్నీళ్ళు వేడి పైపులోకి దూరుతున్నాయి. ఒక్కో కుళాయీ చూసుకుంటూ వెనక బాత్రూముకు వచ్చాను. మిక్సర్ హ్యాండిల్ ఎత్తే ఉంది. షవర్ బటన్ మాత్రం కట్టేసి ఉంది. బయటికి దారిలేక చన్నీళ్ళు మిక్సర్ లోపలి నుంచే వేడి పైపులోకి దాటుకుంటున్నాయి.

గీతాంజలిని అడిగాను. పాపక్క పనేనట. కొత్త మిక్సర్ పెట్టిన మర్నాడు అరగంట కూర్చుని, అటూ ఇటూ తిప్పి, మోచేతి మీద పోసుకుని చూసుకుందట. బుజ్జి ఒంటికి సరిపడే వేడి కుదిరాక, దీన్ని ఇంకెవరూ ముట్టుకోకూడదు అందట. అప్పటి నుంచి బటన్ తప్ప హ్యాండిల్ కదపలేదు.

నాకు కోపం రాలేదు. ఆ ముసలామె ముద్దొచ్చింది. చెబితే చిన్నబుచ్చుకుంటుంది. గిన్నెలు మోసింది తన వల్లేనని తెలిస్తే రేపటిదాకా కూడా ఆగదు. గీతాంజలి ఎర్ర నెయిల్ పాలిష్ తెచ్చింది. హ్యాండిల్ ఉన్నచోట చుక్క పెట్టి, కిందికి దించాం. ట్యాంకు వాల్వ్ మళ్ళీ తెరిస్తే, పది నిమిషాల్లో వంటింట్లో చెయ్యి కాలింది. ఇకనుంచి ఆమె వెళ్ళగానే దించడం, వచ్చేముందు చుక్క దగ్గరికి ఎత్తడం నా డ్యూటీ.

నవంబరు 24, ఆదివారం

గీతాంజలి బాత్రూము నిండా ఆవిరి. ట్యాంకుకు బుద్ధొచ్చినట్టుండాది అంది పాపక్క. దొడ్డబళ్ళాపురం మాట ఎత్తలేదు.

డిసెంబరు 3

ఆమె పదింటికి వస్తుంది. ఆఫీసువాళ్ళతో రోజూ ఉండే స్టాండప్ వీడియో కాల్ కూడా పదింటికే. కెమెరా ఆఫ్ చేసి బాత్రూముకు పరుగు. నెట్‌వర్క్ మార్చుకోమని మేనేజర్ సలహా.

డిసెంబరు 8, ఆదివారం

నలభయ్యో రోజు. రేపటి నుంచి పాపక్క రాదు. గీతాంజలి చీర పెట్టి, ఆమెను వదలకుండా కాసేపు పట్టుకుంది.

తర్వాత పాపక్క నన్ను బాత్రూములోకి పిలిచింది. మొదటిసారి. నువ్వు పెట్టేది దినామూ రవ్వంత ఎడమకు పోతా ఉండాదప్పా, బిడ్డకు కాలుతుంది, నేనే జరుపుకుంటా ఉండాను అంది. చుక్కకు కుడిపక్క గోటితో చూపించింది. నా మొహం చూసి, అంత ఎర్ర చుక్క నాకు కనపడదా అంది. ఎందుకు చెప్పలేదని అడిగాను. నువ్వు మాత్రం చెప్పినావా అంది.

నన్ను పీట మీద కూర్చోబెట్టి, కాళ్ళు చాపమని, బుజ్జిని వాటి మీద పడుకోబెట్టింది. నా చేతుల్ని తన చేతులతో పట్టుకుని చూపించింది. మొద్దు చేతులేం కాదులే అంది.

డిసెంబరు 9, ఉదయం 10.30

చుక్కకు రవ్వంత కుడికి. మోచేతితో చూసి, నేనే పోశాను. బుజ్జి ఏడవలేదు. వంటింట్లోంచి గీతాంజలి పిలుస్తోంది, చన్నీళ్ళొస్తున్నాయట. హ్యాండిల్ దించడం మరిచిపోయాను.