బండిలో తప్పు

1992 జూన్ 7, ఆదివారం

ముందుగా సమస్త మానవాళికి నా క్షమాపణలు. పాస్టరు గారి ప్రసంగం గంట దాటినప్పుడు మూడు వరసలకు వినబడేలా ఆవులించినందుకు. ఫిజిక్స్‌లో నలభై మూడు మార్కులతో న్యూటన్ గారి ఆత్మకు మనస్తాపం కలిగించినందుకు. మల్కాజ్‌గిరి లోకల్లో టీసీ కనబడగానే గాఢనిద్ర నటించినందుకు. డిగ్రీ చేతికొచ్చి ఏడాదైనా ఈ దేశాన్ని నా సేవలకు నోచుకోనివ్వనందుకు. ఈ పాపి ఇంతకు మించి ఏ నేరమూ చేయలేదని ఇందుమూలంగా తెలియజేయడమైనది. ఇట్లు, రిచర్డ్, బీఎస్సీ, నిరుద్యోగి.

ఇవాళ నెలలో మొదటి ఆదివారం, చర్చిలో ప్రభువు భోజన సంస్కారం ఉంది. డోరా అత్త ఎప్పటిలాగే వెనక బెంచీలో కూర్చుంది. ద్రాక్షారసం గ్లాసుల పళ్లెం వస్తే ముట్టుకోకుండా పక్కావిడకు అందించింది. ఐదేళ్లుగా ఇంతే, జకర్యా మామయ్య పోయినప్పటి నుంచి. తనకు యోగ్యత లేదంటుంది. నేను నా గ్లాసు శుభ్రంగా తాగాను. రెండోది అడిగే పద్ధతి ఉంటే బాగుండేది.

మధ్యాహ్నం వెస్ట్ మారేడ్‌పల్లిలో అత్త ఇంట్లో భోజనం. పులుసు వడ్డిస్తూ, ఒరే, షెడ్డులో మామయ్య బండి బాగు చేయించి నడిపించి పెట్టు అంది. అమ్ముతావా అన్నాను. అమ్మడానికి కాదు, ఆ రోజు దాంట్లో తప్పేమైనా ఉందేమో చూడాలి అంది.

నేను కంచం పక్కకు జరిపాను. పులుసులో ఉప్పెక్కువని చెప్పాను.

జూన్ 8

అత్త లెక్క ఇదీ.

బండి బీఎస్ఏ. యుద్ధం కోసం ఇంగ్లండులో చేసింది. యుద్ధం అయిపోయాక మిలిటరీ వాళ్లు వేలం వేస్తే మామయ్య కొన్నారు. రైల్వే స్కూల్లో డ్రిల్ మాస్టారు కదా, ఆయన బండి ఎక్కడం, దిగడం కూడా డ్రిల్లే. హ్యాండిల్‌కు ఎడమ పక్కన చిన్న లివర్ ఒకటుంటుంది. పరుగెత్తేటప్పుడు ముందుకు ఉండాలి, స్టార్ట్ చేసేటప్పుడు వెనక్కి ఉండాలి. ముందుకు ఉండగా కిక్ కొడితే బండి తిరిగి తంతుంది. అందుకని మామయ్య సాయంత్రం ఇంటికి రాగానే లివర్ వెనక్కి లాగి, ఆ తర్వాతే కాలు కింద పెట్టేవారు. పొద్దున మళ్లీ దానివైపు చూసేవారు కాదు. ముప్పై నాలుగేళ్లు.

1987 ఆగస్టులో ఓ సాయంత్రం వాళ్లింట్లో ప్రార్థన కూడిక. మామయ్య వచ్చేసరికి అందరూ వెళ్లిపోయారు. అత్త గేటు దగ్గరే నిలబడి, ఆయన బండి దిగకముందే, ఇప్పుడెందుకొచ్చారు, రాకపోయినా పోయేది అంది. మర్నాడు పొద్దున కిక్ కొడితే బండి తన్నింది. మోకాలి కింది ఎముక రెండు ముక్కలైంది. ఆపరేషన్ అయ్యాక పదకొండో రోజున రక్తం గడ్డ వెళ్లి ఊపిరితిత్తుల్లో అడ్డుపడింది.

మాస్టారు లివర్ మర్చిపోయారు అన్నారు అందరూ. నేను ఆయన్ని ప్రశాంతంగా దిగనిచ్చి ఉంటే మర్చిపోయేవారు కాదు అంటుంది అత్త. బండిలో తప్పు దొరికితే తప్పు బండిది. దొరక్కపోతే తనది.

అప్పుడు నేను వాళ్లింట్లోనే ఉండి ఇంటర్ చదువుతున్నాను.

జూన్ 11

ట్రాలీ ఆటోలో బండిని బన్సీలాల్‌పేట్ తీసుకెళ్లాను. వలీ భాయ్ షాపు. మామయ్య బండిని మొదట వలీ భాయ్ వాళ్ల నాన్న చూసేవాడు, తర్వాత ఈయన. టార్పాలిన్ తీయగానే ట్యాంకు మీద అరచెయ్యి పెట్టి సలాం చెప్పాడు. తర్వాత నావైపు తిరిగి, జకర్యా సాబ్ బండి అంటే గడియారం లెక్క, గిట్ల తుప్పు పట్టనిచ్చిన్రేందీ, ఇంట్ల మొగోళ్లు లేరా అన్నాడు. ఉన్నారు, బీఎస్సీ అన్నాను. అయితే జెర ఆ పన్నెండో నంబర్ పానా అందుకో బీఎస్సీ అన్నాడు. నేను పద్నాలుగోది అందించాను. ఇక నా చదువు గురించి అడగలేదు.

జూన్ 18

ఇంజన్ విప్పాం. కిరోసిన్‌లో చేతులు నాని పాములా కుబుసం విడుస్తున్నాను. ట్యాంకు గీకితే నలుపు కింద మిలిటరీ ఆకుపచ్చ, దాని కింద తెల్లటి అంకెలు. మామయ్య కంటే ముందు దీన్ని ఎవరు నడిపారో. వాళ్లని కూడా తన్నిందా అని అడిగాను. బండి ఎవర్నీ తన్నదు, మనం తన్నేదే అది వాపస్ ఇస్తది అన్నాడు వలీ భాయ్.

జూన్ 24

నట్లు, బోల్టులు, చైను, ఊచలు అన్నీ తోమాను. ఎడమ హ్యాండిల్ మాత్రం అలాగే ఉంది. వలీ భాయ్ కనిపెట్టాడు. ఏం బాబూ, ఆ పక్క హ్యాండిల్ కరుస్తదా అన్నాడు. నాకు జిడ్డంటే అలర్జీ అన్నాను, మోచేతుల దాకా జిడ్డుతో. ఆయన నవ్వలేదు. తనే తోముకున్నాడు.

జూన్ 30

మాగ్నెటో బాగుంది. కార్బురేటర్ బాగుంది. వాల్వులు బాగున్నాయి. యాభై ఏళ్ల ముసల్ది, ఒంట్లో ఒక్క జబ్బయినా ఉండొద్దా?

జులై 4

రాణీగంజ్ పాత సామాన్ల కుప్పలో వెతికి, పోగులు విడిపోయిన ఓ కేబుల్ కొన్నాను. దానికి ఇంకాస్త తుప్పు పూసి, మసి రాసి, కళాఖండం చేశాను.

సాయంత్రం అత్త రిక్షాలో షాపుకొచ్చింది. అత్తా, దొరికింది, లివర్ కేబుల్ తెగిపోయి ఉంది, ఇదే తప్పు, మామయ్య ఏం మర్చిపోలేదు అని చూపించాను. అత్త మొహం ఒక్కసారిగా ఎలా అయిందో రాయలేను. పదేళ్లు తగ్గినట్టయింది.

వలీ భాయ్ ఆ కేబుల్ తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. నాకేసి చూశాడు. చాలాసేపు చూశాడు. అమ్మా, ఇది మన బండిది కాదు, ఏదో స్కూటర్‌ది, బాబుకు తెల్వక తెచ్చిండు అన్నాడు. అసలు కేబుల్ తీసి చూపించాడు. కొత్తదానిలా ఉంది.

అత్త అడిగింది, ఆ లివర్ దానంతట అది ముందుకు జరుగుతుందా భాయ్ అని. లేదమ్మా, గట్టిగ ఉంటది, దాని మీద మనిషి చెయ్యి పడాల్సిందే అన్నాడు. ఆ చెయ్యి ఆయనదేగా అంది అత్త. మెల్లగా లేచి, రిక్షా పిలవమంది.

జులై 5, ఆదివారం

పళ్లెం అత్తను దాటి వచ్చింది. నేను తాగాను. చేదుగా ఉంది. ద్రాక్షలు పాడైపోయాయేమో.

జులై 9

స్టార్ట్ అయింది. మూడో కిక్‌కు. లివర్ వలీ భాయే పెట్టాడు, నేను కొట్టాను. ఆ చప్పుడు చెవులతో వినేది కాదు. కడుపులో ఎవరో తలుపు తట్టినట్టుంటుంది.

షాపు నుంచి మారేడ్‌పల్లి దాకా నేనే నడిపాను. జీవితంలో ఇంత గొప్పగా నేనెప్పుడూ లేను. మలుపులో పూలమ్మే పుష్పమ్మ చప్పుడు వినగానే గభాల్న లేచి కొంగు సర్దుకుంది. నన్ను చూసి మళ్లీ కూర్చుంది. దాటాక, రెండో సందు మొదట్లో మామయ్య దగ్గర డ్రిల్ నేర్చుకున్న ఓ పెద్దమనిషి చెయ్యి నుదుటి దాకా ఎత్తి, ఆపేశాడు. ఈ చప్పుడు నాది కాదు. ఊళ్లో అందరికీ తెలుసు ఎవరిదో.

అత్త ఇంటి గేటు అప్పటికే తెరిచి ఉంది. ఆమె గేటు రెక్క పట్టుకుని నిలబడి ఉంది, తల దించుకుని. నేను ఇంజన్ ఆపాను. ఆమె తల ఎత్తకుండానే, రండి, టీ పెడతాను అంది.

నేను బండి మీదే కూర్చుండిపోయాను.

తర్వాత ఆమె తలెత్తి చూసింది. ఓ, నువ్వా అంది. టీ మాత్రం ఇచ్చింది.

జులై 10

నిన్న లివర్ వెనక్కి లాగే దిగాను. వేలి కొసలతో, వేడి పెనం ముట్టుకున్నట్టు. రాత్రి అత్త ఇంట్లోనే పడుకున్నాను. షెడ్డు తాళం నా జేబులోనే ఉంది. పొద్దున చూస్తే లివర్ ముందుకు ఉంది.

జులై 11

ముందుకు ఉంది.

జులై 12

వలీ భాయ్‌ని తీసుకొచ్చి చూపించాను. ఇంకా బిగించాడు. వేలు నొప్పెట్టేలా లాగితే తప్ప కదలదు. ఎందుకు పరేషాన్ అయితున్నవ్, నువ్వే మర్చిపోయి ఉంటవ్ అన్నాడు. అవును, నాకు మరుపు ఎక్కువ అన్నాను. ఆయన బీడీ ముట్టించి, జకర్యా సాబ్‌కు లేకుండె, ముప్పై నాలుగేండ్లల్ల ఒక్కసారి సుత మర్చిపోలె, నేను ఎంత సోచాయించినా నాకు సమజ్ కాలె అన్నాడు. నేలకేసి చూస్తూ అన్నాడు. నాకేసి చూసి ఉంటే బాగుండేది.

జులై 14, ఉదయం 7.45

తన్నింది.

జులై 15

విరగలేదు. మడమ నుంచి మోకాలి దాకా వంకాయ రంగు. వెనక్కి లాగే కొట్టాను. రెండుసార్లు చూశాను. ప్రమాణం చేస్తాను, కానీ నా ప్రమాణానికి ఊళ్లో పెద్ద ధర పలకదు.

అత్త పసుపు, ఉప్పు కలిపి పట్టు వేస్తూ ఏడ్చింది. ఈ గేటు దగ్గర నేను అన్న మాట ఇంకా ఇక్కడే తిరుగుతోందిరా, ఇప్పుడు నిన్ను పట్టుకుంది అంది. నేను, అది నీ మాట కాదత్తా అనబోయి, నన్ను పట్టుకుంది నీ వంటేలే అన్నాను. ఆమె నవ్వింది కూడా, కళ్లు తుడుచుకుంటూ. నా జోకుకు ఆమె నవ్వినప్పుడల్లా నాకు మామయ్య దగ్గు వినబడుతోంది, షెడ్డు వైపు నుంచి. పొద్దున బండి తీసే ముందు గొంతు సవరించుకునే దగ్గు.

జులై 22

నిద్ర లేదు. తిండి ఉంది.

జులై 30

అత్త పాస్టరు గారికి ఉత్తరం రాసింది. స్పెల్లింగులు చూడమని నాకిచ్చింది. తెలుగు టీచరుగా రిటైరైన మనిషి నాకు ఎందుకు ఇస్తుంది? ఎవరో ఒకరు చదవాలని.

సంఘ సభ్యుల పట్టీలోంచి నా పేరు కొట్టివేయవలెను అని ఉంది. బండిలో తప్పు లేదని తేలిందట. వెనక బెంచీలో కూర్చుని నటించడం ఇక చాలునట. ఆదివారం తనే వెళ్లి ఇచ్చి వస్తుందట, ఇక చర్చికి రాదట. ఐదేళ్లూ నేను ప్రతి మొదటి ఆదివారం నా గ్లాసు తాగాను. ఆమె ఒక్కసారీ తాగలేదు.

తప్పులేమీ లేవు అత్తా అని ఉత్తరం తిరిగిచ్చేశాను.

ఆగస్టు 2, ఆదివారం, ఉదయం 7.10

అత్త లోపల చీర కట్టుకుంటోంది. మొహం చూస్తే ఏదో ఒక జోకు వేస్తానని, తలుపు బయటే నిలబడి చెప్పాను. లోపల్నుంచి, మళ్లీ చెప్పు అంది. మళ్లీ చెప్పాను.

మామయ్య మర్చిపోలేదు. ఆ సాయంత్రం కూడా వెనక్కి లాగే దిగారు. పొద్దున ఆరింటికి ఆయన మొహం కడుక్కుంటుంటే, డ్రిల్ మాస్టారు ఎగిరి పడితే చూసి నవ్వుదామని, షెడ్డులోకి వెళ్లి లివర్ ముందుకు నెట్టింది నేను.