విలన్‌కి చిన్నతనం వచ్చింది

శృంగవరపుకోట,
12-3-2014

మాస్టారికి నమస్కారాలు.

మీ నాటకంలో హీరో వేషం నాది, విలన్ వేషం మా ధనరాజ్ బావది. ఆరేళ్లుగా ఆఖరి సీనులో నేను బావను కర్రతో కొడితే జనం ఈలలు వేసేవారు. ఈ ఏడాది మీరు విలన్‌కి చిన్నతనం సీను కలిపారు. తల్లి లేని ఆ పిల్లవాడికి సవతితల్లి అన్నం పెట్టకపోతే ఆడవాళ్లంతా ఏడుస్తున్నారు.

మొన్న కొత్తవలసలో నేను కర్ర ఎత్తగానే ఒక ముసలమ్మ స్టేజీ ఎక్కేసింది. "తల్లి లేని పిల్లడ్ని కొడతావేట్రా?" అని కర్ర లాక్కుని నా వీపు మీదే రెండు వేసింది. జనం ఈలలు వేశారు. చచ్చిపోవలసిన బావ లేచి ఆవిడకి దండం పెట్టాడు.

ఇంట్లోనూ అంతే. నా భార్య బావకి గారెలు పంపుతోంది. "పాపం, అన్నయ్యకి సిన్నప్పుడు కూడు లేదు కదేటి" అంటుంది. బావ చిన్నప్పుడు నాకంటే ఎక్కువే తిన్నాడండీ.

ఆ సీను తీసేయమని అడగను. నాకూ ఒక చిన్నతనం రాయండి. అందులో నా తల్లి చచ్చిపోవాలి. మా అమ్మ జగ్గమ్మకు ముందే చెప్పాను.

"దానికేటి, నన్ను సంపీమను. నీకు దెబ్బలు తప్పితే సాలు" అంది.

ఇట్లు,
మీ హీరో