పుస్తకంలో లేని బొమ్మ

14 జూలై 1979, శనివారం. పగలంతా మబ్బు, సాయంత్రం జల్లు. పొద్దున సైకిల్ చైనుకు నూనె పెట్టాను.

పాప కాలు విరగలేదు. ఈ మాట ముందు రాసుకోవాలి.

నేను రేడియో రిపేరు నేర్చుకున్నది పుస్తకం చూసే. అందుకే నిన్న మా పాప సరళ రష్యా బొమ్మల పుస్తకం పట్టుకొచ్చి, ఈ బ్యాలే డాన్సు ఎవరు నేర్పిస్తారని అడిగితే, "బొమ్మలో ఉన్నట్టే చెయ్యి, అదే వస్తుంది" అన్నాను. ఈరోజు పీట ఎక్కి, కాలి బొటనవేళ్ల మీద నిలబడబోయి పడింది. చీలమండ వాచిపోయింది. బస్సులో పుత్తూరుకు ఎత్తుకుపోయాను.

అక్కడ ఎముకలకు కట్టు కట్టే పెద్దాయన ఒత్తి చూసి, "ఎముక బాగుండాదప్పా. బెణికింది, అంతే" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. పాప మాత్రం ఏడుపు ఆపలేదు.

"పుస్తకంలో ఎవురూ పడలేదు నాయనా. నేనొక్కదాన్నే పడినా. నాకు రాదులే."

పెద్దాయన కట్టు బిగిస్తూ, "పడినోళ్లంతా నా కాడికొచ్చినారు పాపా, ఇంక బొమ్మలోకి యాడ వస్తారు?" అన్నాడు.

నాకు సిగ్గేసింది. ఎన్ని రేడియోలు పాడుచేసి నేర్చుకున్నానో దానికి ఎప్పుడూ చెప్పలేదు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో చెప్పాను. మొదటి రేడియోలోంచి పొగలొచ్చిన సంగతికి పకపకా నవ్వింది. "కట్టు ఇప్పినాక మళ్లీ చేస్తా, నేల మీదే" అంది.

ఇప్పుడు పుస్తకం చివరి అట్ట లోపల, కాలికి కట్టుతో ఒక పిల్ల బొమ్మ వేసింది. పక్కన పొగలొచ్చే రేడియో. చూడమని పిలుస్తోంది. సైకిల్ ఇంకా వానలోనే ఉన్నట్టుంది, బొమ్మ చూసొచ్చి లోపలికి పెట్టాలి.