ఉలవచేను మీద విమానాల బాట

మిట్టేమరి,
1946 ఫిబ్రవరి 11

చిరంజీవి సౌభాగ్యవతి మునిలక్ష్మమ్మకు నాయన ఆశీర్వదించి రాసేది. ఇక్కడ నేను, మీ అమ్మ, అన్న ఆంజనేయప్ప, వదిన, రెండు ఎద్దులతో సహా బాగానే ఉన్నాము. అక్కడ మీరూ అట్లే ఉన్నారని తలుస్తాను అని రాయడం అలవాటు. అల్లుడి దగ్గు సంగతి చదివాక ఆ మాట రాయడానికి చెయ్యి రాలేదు.

నీ జాబు చేరి పది రోజులైంది. బదులు రాయలేదని మీ అమ్మ రోజూ సణుగుతోంది. "బిడ్డ దావ చూస్తా ఉంటాది. రెండు మాటలు రాసేదానికి నీకేం రోగం?" అంటుంది. ఆమెకు చదువు రాదు కాబట్టి ఇప్పుడు నేనేం రాస్తున్నానో తెలియదు. అదొక్కటే నా అదృష్టం.

నువ్వు అడిగినవాటికి ముందు చెబుతాను. ఎర్రావు ఈనింది, కోడెదూడ. వదినకు ఏడో నెల. చింతామణి సంతలో మీ అమ్మ నీకొక చీర తీసింది. రంగు నాకు నచ్చలేదు, నన్నెవరూ అడగనూ లేదు. అల్లుడికి మిరియాల కషాయం ఇస్తున్నావా? మిల్లులో దూదిపొడి వల్లే ఆ దగ్గు అని డాక్టరు చెప్పాక ఆ పని మానడమే మంచిది. అందులో రెండో మాట లేదు.

ఇక నీ అసలు ప్రశ్న. "ఉగాదికి కోయంబత్తూరు వదిలేసి వస్తాము నాయనా. పెళ్ళిలో నువ్వు పసుపుకుంకుమ కింద ఇచ్చిన ఉలవచేను దున్నుకుని బతుకుతాము. చేను ఎట్లుండాది?" అని రాశావు.

చేను లేదు తల్లీ. పోయి నాలుగేళ్ళవుతోంది.

యుద్ధం రోజుల్లో ఇక్కడ మిలిటరీ విమానాలు దిగడానికి బాట వేస్తున్నారని నీకు రాశాను. ఎవరి నేలలో వేస్తున్నారో రాయలేదు. దిబ్బూరహళ్ళి నుంచి కూడా కూలీలు వచ్చారు. ఆడవాళ్ళు కంకర కొట్టారు, మగవాళ్ళు రోలరు లాగారు. ఏడాదిపాటు ఊరంతా తారు కంపు. మొదటి విమానం దిగిన రోజు నేనూ నోరు తెరుచుకుని చూశాను. తర్వాత వారానికొకటి వచ్చేది, ఆ తర్వాత నెలకొకటి. యుద్ధం ముగిశాక ఒక్కటీ రాలేదు. ఆ బాట నీ చేను మీద నిలువునా పడి ఉంది.

ఏటా నీకు పంపిన ఉలవలు బాగేపల్లి సంతలో కొన్నవి. చేను పోయిన సంగతి నీకు అప్పుడే రాశానని మీ అమ్మ నమ్మకం. "మా చేని ఉలవల చారు వాసనే వేరు" అని నువ్వు రాసినప్పుడల్లా ఆ జాబు మీ అమ్మకు పూర్తిగా చదివి వినిపించలేకపోయేవాణ్ణి.

ఇంతవరకే రాస్తే తప్పంతా దొరలదే అనుకుంటావు. మిగిలింది కూడా చదువు.

నేల చూడటానికి వచ్చిన ఇంజినీరు రెండు చోట్లు అనుకున్నాడు. ఒకటి మీ అన్న వాటా రాగిచేను, రెండోది నీ ఉలవచేను. రెండూ చదునే. ఏది తొందరగా ఆరుతుందని నన్నడిగాడు. పెద్ద వాన పడిన మర్నాడు ఆయన్ని నీ చేనికే తీసుకుపోయాను. చెప్పులు విడిచి ఈ గట్టు నుంచి ఆ గట్టుకు నడిచి, అరికాలు ఎత్తి చూపించాను. "చూడండి సామీ, బురద అంటలేదు. ఈడ ఏనుగును నడిపించినా దిగబడదు" అన్నాను. మీ అన్న చేనికి తీసుకుపోనే లేదు.

ఊరి భూముల లెక్క రాసే శానుభోగు ఆదినారాయణప్ప కాగితం తీసి, "ఇది కూతురిది కదప్పా తిమ్మరాయప్పా. ఆయమ్మను ఒక మాట అడగొద్దా?" అన్నాడు. "నా బిడ్డ నా మాట ఏపొద్దూ కాదనలేదు. రాసుకోప్పా" అని నీ తరపున నేనే సంతకం పెట్టాను.

కొడుకు చేను పోతే వాడు రోజూ నా ఎదుటే ఉంటాడు, నిలదీస్తాడు. నువ్వు దూరాన ఉన్నావు, అల్లుడికి జీతం వస్తోంది, నువ్వు అడగవు. నా ఆలోచన అంతే. యుద్ధం అయ్యాక నేల తిరిగి ఇస్తామని కూడా అన్నారు. నీకు తెలిసేలోపే నీది నీకు వచ్చేస్తుందనుకున్నాను.

నీ జాబు చూసిన మర్నాడే బాగేపల్లి వెళ్ళి తాలూకా అధికారి అమల్దారు కచ్చేరిలో అడిగాను. "అది ఇంక సర్కారుదే. ముందుముందు జనం ఎక్కే విమానాలు వస్తాయి" అని పంపేశారు. ఊరికి వచ్చి ఆ బాట మీద గడ్డపార వేసి చూశాను. నిప్పురవ్వలు లేచాయి. తిరిగి ఇచ్చినా అక్కడ ఉలవగింజ మొలవదు.

రాగిచేనులో సగం నీకిమ్మని మీ అన్నను అడిగాను. "ఆయమ్మది ఇచ్చేసింది నువ్వు. నన్నెందుకు అడుగుతావు నాయనా?" అన్నాడు. ఈ యేడు వాడు రాగులు ఎండబోసింది ఆ విమానాల బాట మీదే. నున్నగా ఉంది, రాళ్ళు కలవవని. నీ చేను మీద వాడి పంట ఎండుతుంటే పిట్టలు తోలుతూ కూర్చున్నది నేను. సిగ్గుతో చచ్చిపోయాను తల్లీ.

అల్లుణ్ణి ఆ మిల్లులో ఉంచొద్దు, రండి. మీరు ఇంట్లో ఉన్నంతవరకు నా వంతు ముద్ద మీది. అంతకుమించి చూపించడానికి నా దగ్గర నేల లేదు.

ఒక్క పని మాత్రం చెయ్యి. అప్పుడు అడగాల్సింది ఇప్పుడు అడుగుతున్నాను. ఆ చేను ఇస్తావా అమ్మా? ఇవ్వను అని నీ చేత్తో ఒక కార్డు రాసి పంపు. ఆ కార్డు పట్టుకుని కచ్చేరికి నేనే నడిచిపోయి వాళ్ళందరి ముందు చదువుతాను. వాళ్ళు నవ్వితే నవ్వనీ.

ఇట్లు,
నిన్ను అడగకుండా నీ తరపున సంతకం పెట్టిన
మీ నాయన
తిమ్మరాయప్ప